మమతారాణి ఎత్తని బతుకమ్మ

సద్దుల బతుకమ్మ నాడు ఖానాపూర్ చరిత్రలో ఎన్నడూ లేని ఘోరం జరిగింది. ఏటా వాడలోకెల్లా పెద్ద బతుకమ్మను నెత్తికెత్తుకునే మమతారాణి, ఈసారి దాన్ని చెల్లెలికి అప్పజెప్పి, చేతులు పక్కలకు అదిమిపెట్టుకుని నిలబడింది.

"భుజం గుంజుతున్నదే," అంది.

ప్రాణ స్నేహితురాలు వందన నమ్మలేదు. రొమ్ములు పెద్దవి చేసే ఆపరేషన్ గురించి కరీంనగర్ డాక్టరమ్మ ఎండాకాలంలో, అది చేయించుకుందామని పోయిన వందనకు అంతా విడమరిచి చెప్పింది. కొన్ని వారాలు చేతులు పైకెత్తొద్దు, బరువులు మోయొద్దు, వెల్లకిలా పడుకోవాలి. వాపు, తిమ్మిరి ఉంటాయి. లోపల పెట్టినవి జీవితాంతం ఉండకపోవచ్చు, ఎప్పుడో మళ్లీ కోయాల్సి రావచ్చు.

తోడుగా వచ్చి అదంతా విన్న మమతారాణి, బస్సు ఖానాపూర్ చేరేదాకా ఉపన్యాసం ఆపలేదు. "నీకేం తక్కువనే? ఉన్నట్టే మంచిగున్నవ్!"

ఆ మాట నమ్ముకునే వందన ఆపరేషన్ మానుకుంది. అద్దం ముందు నిలబడ్డప్పుడల్లా ఆ మాటే తలుచుకుంది.

ఇప్పుడు వందన కోపంతో మమతారాణి రెక్క పట్టి లాగబోయి, డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చి, కొంగు పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"చేయించుకున్నవ్ గదా? నన్ను ఆపి నువ్వు పోయినవ్! అంటే గప్పుడు చెప్పిందంతా అబద్ధమేనా?"

"ఒట్టే, అబద్ధం కాదు. నువ్వు నిజంగనే మంచిగున్నవ్."

"మరి నువ్వెందుకు చేయించుకున్నవే?"

మమతారాణి తన కొంగు విడిపించుకుంది.

"గా మాట నాకెవ్వలు చెప్పిండ్రే? నువ్వన్నా చెప్పలే."