అడిగినంత చోటు

పదిన్నరకు కామారెడ్డి ఆఫీసులో సర్వర్ మూడోసారి ఆగిపోయింది.

శేఖర్ దాన్ని మళ్లీ ఆన్ చేశాడు. దాని కోడ్ రాసింది తనే. ఇదివరకూ ఆగింది గానీ, ఈసారి దాని మీద ఆధారపడి ఉన్నది అతని తల్లి గంగాబాయి.

పొద్దున ఎల్లారెడ్డిలో మెట్ల మీంచి పడింది. అక్కడి ఆస్పత్రిలో తలకు స్కాన్ తీశారు. అది ఈ సర్వర్ ద్వారా కామారెడ్డి డాక్టరుకు చేరితేనే, ఆమెను హైదరాబాద్ తరలించాలో కదపకూడదో తేలేది. ఫోన్లో తీసిన ఫొటోలు చూసి చెప్పలేనన్నాడాయన.

ఫైల్ పంపేముందు ఎల్లారెడ్డి కంప్యూటర్ ఇంత చోటు కావాలని అడుగుతుంది. సర్వర్ అడిగినంతా ఇస్తుంది. అడిగేది మన కంప్యూటరే కదా, హద్దు చూడడమెందుకని శేఖర్ ధీమా.

పోయిన నెల అక్కడి ఆపరేటర్ ఒకడు ఫోన్ చేశాడు.

"సార్, కొత్త స్కాన్ మిషన్ ఫైలు సైజు కంటే వెయ్యింతలు చోటు అడుగుతుంది. మీ సర్వర్ ఇయ్యబోయి పడిపోతుంది. వడ్డించేటోడు గిన్నెల ఎంతుందో చూడాలె గద?"

"నా పని నాకు నేర్పుతవా?"

శేఖర్ అంతటితో ఊరుకోలేదు. మీ ఆపరేటరే కావాలని సర్వర్‌ను పడగొడుతున్నాడని ఆస్పత్రికి మెయిల్ పెట్టాడు.

తలుపు చప్పుడైంది. ఒళ్లంతా దుమ్ము కొట్టుకున్న మనిషి, చేతిలో హెల్మెట్.

"శేఖర్ సార్, రెండు నిమిషాలు..."

"తర్వాత రా అన్నా! మా అవ్వ పానం మీదికొచ్చింది!"

"దాని గురించే సార్..."

శేఖర్ తలుపు వేసేశాడు.

ఫోన్ మోగింది. డాక్టర్.

"స్కాన్ చూసిన. లోపల రక్తం కారుతుంది. అంబులెన్స్ ఎక్కించమన్న. టైముకే తెలిసింది, భయపడకు."

"సర్వర్ నడుస్తలేదు గద సార్!"

"ఒకాయన ఎల్లారెడ్డి నుంచి బండి మీద సీడీ తెచ్చిచ్చిండు. మీ ఆఫీసుకే పోతున్న అన్నడు."

శేఖర్ ఒక్క ఉదుటున తలుపు తీశాడు. ఎవరూ లేరు. గడప మీద నాలుగు మడతల పాత కాగితం. అడిగిన చోటు హద్దు దాటితే లేదు పొమ్మనే మూడు లైన్ల కోడ్.

ఎక్కించాడు. సర్వర్ నిలబడింది.

వెంటనే ఎల్లారెడ్డికి ఫోన్ చేశాడు. నర్సు ఎస్తేర్ ఎత్తింది.

"సీడీ తెచ్చినాయన ఎవరు సిస్టర్?"

"జోయెలన్న."

"డ్యూటీకి రాంగనే నాకు ఫోన్ చెయ్యమను. ఆయన కాళ్లు మొక్కాలె."

"డ్యూటీ ఎక్కడిది సార్? ఇయ్యాల ఇక్కడ పని చేసిన సర్టిఫికెట్ కోసమొచ్చి, మీ అవ్వ అని తెలిసి ఉరికిండు. మీ మెయిల్ వచ్చిన దినమే ఆయన్ని ఆపరేటర్ పనిలకెల్లి తీసేసిండ్రు."