ఒక్క జవాబు తక్కువ

“అబద్ధం చెప్పావు కదూ, డ్వేన్?”

వెర్నా హాల్కూంబ్ గుమ్మంలో నిలబడే అడిగేసింది. బూట్లకున్న మంచు దులుపుకోలేదు, కోటు విప్పలేదు. నత్తి పిల్లలకు మాట దిద్దే డ్వేన్ స్టర్గిల్, చేతిలోని బొమ్మల అట్టలు బల్లమీద పెట్టి తలొంచుకున్నాడు.

“నేనేం చెప్పానండీ?”

“జవాబు పంపానన్నావు. అందరూ అదే మాటన్నారు. నా కాగితంలో అరవై మూడు పేర్లకీ టిక్కులున్నాయి. రాజధాని ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒక్కటి తక్కువంటున్నారు. నాలుగింటితో గడువు సరి.”

గోడ గడియారంలో మూడూ ముప్పై అయిదయింది.

బీద పిల్లలకు బడిలో చేసే వైద్యానికి మెడికెయిడ్ అనే సర్కారు పథకం డబ్బిస్తుంది. ఊరికే ఇవ్వదు. బడి సిబ్బందిలో ఎవరికో ఒకరికి, చెప్పాపెట్టకుండా, ‘ఫలానా నిమిషంలో మీరేం చేస్తున్నారు?’ అని కంప్యూటర్లో ప్రశ్న వస్తుంది. రాష్ట్రం మొత్తమ్మీద నూటికి ఎనభై అయిదుమందైనా గడువులోగా జవాబివ్వకపోతే ఆ మూడు నెలల డబ్బూ గోవిందా. ఈసారి ఆ లెక్కకి సరిగ్గా ఒక్క జవాబే తక్కువైంది.

ఈ కెంటకీ కొండల్లో ఆ జవాబులు రాబట్టే పని వెర్నాది. పదకొండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. వెళ్లిన ప్రతి ప్రశ్నకూ ఒక నకలు ఆమెకూ వస్తుంది. వాటిని చదువుతూ కూర్చోదు, తీసిపారేసి మనుషుల వెంటపడుతుంది. ఒకాయన్ని చర్చి మెట్లమీద పట్టుకుంది, ఇంకొకాయన్ని ఏటి ఒడ్డున గాలం వేస్తుండగా పట్టుకుంది. ఒకావిడ చేత పురిటి మంచం మీదే జవాబు రాయించింది. జనం ఆమెను చూసి నవ్వుకుంటారు గానీ, ఈ జిల్లా బడుల్లో పిల్లలకింకా నర్సు ఉందంటే అది వెర్నా కాళ్ల చలవే.

ఈసారి తప్పితే ఆ నర్సే పోతుంది. బడుల బోర్డువాళ్లు నిన్ననే తేల్చి చెప్పారు. మూడో తరగతి చదివే హ్యాటీకి పసితనం నుంచీ చక్కెర జబ్బు. రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు వేలు గుచ్చి చూసి, సూది వెయ్యాలి. నర్సు లేకపోతే తల్లి ఉద్యోగం మానుకుని బళ్లో కూర్చోవాలి, లేదా పిల్ల ఇంట్లో కూర్చోవాలి.

అరుపులు విని నర్సు జోసీ పక్క గదిలోంచి వచ్చింది.

“పోనీలే పిన్నీ. మంచులో పడుతూ లేస్తూ ఎందుకొచ్చావు? నేను ఇంకోచోట చూసుకుంటాను.”

“నువ్వు చూసుకుంటావు తల్లీ. హ్యాటీ ఎక్కడ చూసుకోవాలి?”

వెర్నా మళ్లీ డ్వేన్ వైపు తిరిగింది.

“మూడు రోజులుగా నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటున్నావు. తప్పు చేసినవాడి వాలకం నాకు తెలీదా?”

డ్వేన్ చెవులు ఎర్రబడ్డాయి.

“జవాబు పంపానండీ, ఒట్టు. కాకపోతే... నిజం రాశాను.”

“అంటే?”

“మంగళవారం పదీ నలభై రెండు. ఆ పూట పిల్లాడు రాలేదు. కారులో కూర్చుని, రొట్టె మధ్య మాంసం పెట్టిన సాసేజ్ బిస్కెట్ తింటున్నా. అదే రాసేశా. ఆ తిండి రాతవల్లే జోసీ ఉద్యోగం పోతోందేమోనని కంటిమీద కునుకు లేదు. మీ మొహం ఎలా చూడమంటారు?”

వెర్నా చిన్నపిల్లల కుర్చీలో కూలబడి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

“ఓరి పిచ్చి నాయనా! తింటే తిన్నాననే రాయాలి. వాళ్లకి కావలసింది జవాబు, గొప్పలు కాదు. ఒక్క అబద్ధం బయటపడితే అందరి జవాబుల మీదా అనుమానమొస్తుంది. బిస్కెట్ తిన్న నువ్వే ఈ బడిని నిలబెట్టావు.” లేచి అతని భుజం తట్టింది. “ఊరికే నోరు పారేసుకున్నాను. మనసులో పెట్టుకోకు.”

“అయితే రానిదెవరిది పిన్నీ?” అంది జోసీ.

వెర్నా తను వెంటపడాల్సినవాళ్ల పేర్లు రాసుకున్న కాగితం మడత విప్పి బల్లమీద పరిచింది. ముగ్గురూ వంగి, ఒక్కో పేరూ చదివారు. ప్రతివాడూ నమ్మకస్తుడిలాగే కనిపించాడు, ప్రతివాడి మీదా అనుమానమే కలిగింది.

“ఎవరో మొద్దునిద్దర పోతున్నారు,” వెర్నా పళ్లు నూరింది. “నంబరే తప్ప పేరు కనబడటం లేదని, వెతికి చెప్తానంది ఆ రాజధాని పిల్ల. పేరు తెలియనీ, చెవి మెలిపెట్టి మరీ రాయిస్తాను.”

ఆ మాట నోట్లో ఉండగానే ఫోన్ మోగింది. వెర్నా దాన్ని బల్లమీద పెట్టి, అందరికీ వినబడేలా నొక్కి, పెన్సిల్ అందుకుంది.

“జిల్లా బడుల ఆఫీసేనాండీ?” కొత్తగా చేరిన పిల్లలా ఉంది, గొంతు బెరుగ్గా ఉంది. “ఇందాకటి నంబరుకి పేరు దొరికింది.”

“చెప్పు తల్లీ, చెప్పు! ఇంకా పావుగంటుంది. ఏ కొండెక్కి కూర్చున్నా లాక్కొస్తాను.”

“ఎవరో వెర్నా హాల్కూంబ్ అటండీ. ఆవిణ్ణి మీరెరుగుదురా?”