తేడా ఒక్కటే

లిఫ్టు మళ్లీ మూడో అంతస్తులో ఆగింది.

తలుపు తెరుచుకుంది. బయట పురుగు కూడా లేదు.

డాక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పైన నాలుగో అంతస్తులో పెద్దవాళ్లు ఎదురుచూస్తున్నారు. ఆవిడ పద్ధతిని అన్ని బడుల్లోనూ పెట్టాలా వద్దా అని తేల్చేది వాళ్లే.

"ఎందుకాపావయ్యా?"

లిఫ్టు నడిపే ముసలాయన స్టూలు మీంచి కదల్లేదు. వేలు మీట మీదే ఉంది, నొక్కడం లేదు. ఎదురుగా ఉన్న ఆరేళ్ల పాప మొహంలోకి చూస్తున్నాడు.

"ఒక్క నిమిషం తల్లీ."

"దేనికి?"

పాప తల్లి బిక్కమొహం వేసింది.

డాక్టరమ్మ చెయ్యి చాచి తనే మీట నొక్కేసింది. పాప కీచుమని అరిచి చెవులు మూసుకుంది.

"చూశావా, పిల్లని బెదరగొట్టావు," అంది డాక్టరమ్మ, ఆయన్నే.

పైకి వెళ్లాక చిరునవ్వు తగిలించుకుని, ఎప్పుడూ చెప్పే పాఠమే అప్పగించింది.

"ఆటిజం ఉండి మాట రాని పిల్లలు అరవై మంది. సగం మందికి ఇక్కడ నా పద్ధతిలో శిక్షణ. మూడు సెకన్లు కూడా ఖాళీగా వదలం, మాట అందిస్తూనే ఉంటాం. మిగతా సగం కింద హాల్లో ఊరికే ఆడుకుంటారు. అదే వయసు, అవే బొమ్మలు, అంతే సేపు. తేడా ఒక్కటే, నా పద్ధతి. ఇక్కడ పద్దెనిమిది మందికి మాటొచ్చింది. కింద ఇద్దరికి."

పెద్దవాళ్లు తలలూపారు. "ఇంకో నాలుగు నెలలు ఇలాగే సాగితే సంతకం పెట్టేస్తాం."

వాళ్లు గడప దాటగానే డాక్టరమ్మ సహాయకురాలిని పిలిచింది.

"ఆ ముసలాయన్ని తీసెయ్యండి. మీటలు ఎవరికి వాళ్లు నొక్కుకుంటారు. పిల్లల టైమంతా లిఫ్టులోనే తినేస్తున్నాడు."

"చాలా ఏళ్లుగా ఉన్నాడు మేడమ్..."

"అందుకే తీసెయ్యమన్నాను."

కాగితం మీద తనే సంతకం పెట్టింది.

మూడు నెలలు గడిచాయి. ఒక్కరికీ కొత్త మాట రాలేదు. వచ్చిన మాటలు కూడా ఒక్కొక్కటే జారిపోయాయి. ఆరేళ్ల పాప నోరు మళ్లీ మూతపడింది.

"లిఫ్టు తాత ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగింది పాప తల్లి.

"ఆయనతో నీకేం పని?"

"నాక్కాదమ్మా, దీనికి. స్టూలు ఉండే చోట నిలబడిపోతోంది. లాక్కొస్తే గానీ రావట్లేదు."

"ఇంట్లో సాధన చేయించరు గానీ సాకులు మాత్రం బోలెడు. మేం నేర్పడం, మీరు చెడగొట్టడం."

ఆ తల్లి పాపను ఎత్తుకుని మెట్ల మీదుగా దిగిపోయింది.

పిల్లలందరూ లిఫ్టులోనే మొండికేస్తున్నారని తేలాక డాక్టరమ్మ కెమెరా రికార్డులు తెప్పించింది. సహాయకురాలు పాతవి కూడా కలిపి తెచ్చింది.

తెర మీద ముసలాయన, పాప, తల్లి. లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది. ఆయన వేలు మీట మీద ఉంది. మాట అందివ్వడం లేదు, చెప్పమనడం లేదు. ఊరికే చూస్తున్నాడు. అరనిమిషం. నిమిషం. కింద ఎవరో తలుపు బాదుతున్నారు. ఆయనకి పట్టలేదు.

పాప వేలికేసి చూసింది. తర్వాత ఆయన మొహంకేసి.

"మూ...డు," అంది.

ఆయన మీట నొక్కాడు. మెచ్చుకోలు లేదు, చప్పట్లు లేవు. లిఫ్టు పైకి వెళ్లింది.

"మేడమ్," అంది సహాయకురాలు గొంతు తగ్గించి, "మన పుస్తకంలో పాప మొదటి మాట కూడా 'మూడు'. కాకపోతే మనం రాసుకున్నది దీని తర్వాత తొమ్మిది రోజులకి."

"ఇంకోటి పెట్టు."

"పైకి" అన్నది ఒక పిల్ల. "తాత" అన్నాడు ఒక పిల్లాడు. సాయంత్రం దాకా చూశారు. పద్దెనిమిది మందీ ముందు అక్కడే నోరు విప్పారు.

"ఆయన ఫోన్ నంబరు కావాలి," అంది డాక్టరమ్మ.

అవతల ఆయన కోడలు ఎత్తింది.

"మామయ్యగారు పోయి నలభై రోజులైందండీ."

డాక్టరమ్మ తెర మీది ముసలాయనకేసి చూసింది.

"పిల్లల దగ్గర అలా ఆగడం... ఆయనకి ఎవరు నేర్పారమ్మా?"

"ఎవరో నేర్పడమేంటండీ? మా మరిదికి తొమ్మిదేళ్లొచ్చేదాకా మాట రాలేదు. మామయ్యగారు రోజూ వాడి ఎదురుగా ఊరికే కూర్చునేవారట. వాడు ఇక్కడే ఉన్నాడు, మాట్లాడతారా?"

ఇన్నేళ్లుగా పిల్లలకు మాటలు నేర్పుతున్న మనిషికి నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేసింది.

బల్ల మీద రేపు పంపాల్సిన నివేదిక ఉంది. మొదటి పేజీలోనే ఆవిడ వాక్యం: "రెండు గుంపులకూ తేడా ఒక్కటే."

కొట్టేద్దామని పెన్ను తీసింది. చెయ్యి ఆగిపోయింది.

అందులో అబద్ధమేమీ లేదు. కింద హాల్లో ఆడుకునే పిల్లలకు లిఫ్టు ఎక్కే పని లేదు, ఆ ఒక్క తేడా ఇన్నాళ్లూ లిఫ్టులో స్టూలు మీద కూర్చుని ఉండేది, దాన్ని సంతకం పెట్టి మరీ బయటికి పంపింది తనే.