అభ్యంతరం ఉన్నవారు

పెళ్ళిళ్ళు రిజిస్టర్ చేసే ఆఫీసు మూయడానికి ఇంకో గంట ఉందనగా, ఒక పెద్దావిడ చేతిసంచితో కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఆ గోడమీద అంటించిన నోటీసు మీద నాకు అభ్యంతరం ఉంది," అంది.

గుమాస్తా తలెత్తాడు. అతను ఆ సీట్లోకి వచ్చి మూడు రోజులే అయింది. గోడమీద ఉన్నది ఒకటే నోటీసు. ఇద్దరు ఆడవాళ్ళ పెళ్ళిది. కొత్త చట్టం వచ్చాక ఆ ఊళ్ళో అదే మొదటిది. అభ్యంతరాలు చెప్పడానికి ఇచ్చిన నెల గడువు ఆ సాయంత్రంతో సరి. ఆ నెలంతా ఆఫీసు మెట్ల మీద రెండు గుంపులు రెండు రకాల నినాదాల అట్టలు పట్టుకుని అరుచుకున్నాయే తప్ప, లోపలికొచ్చి రాసిచ్చిన మనిషి లేడు.

"ఇద్దరూ ఆడవాళ్ళే అన్నది ఇప్పుడు కారణం కిందికి రాదండి," అన్నాడు గుమాస్తా భయం భయంగా.

"నేనలా అన్నానా? నన్ను చెప్పనివ్వు నాయనా. అందులో రాసింది అబద్ధం. అది అలాగే ఉంటే ఈ పెళ్ళి జరగనివ్వను."

ఆ చివరి మాట మెట్లదాకా వినిపించింది. పెళ్ళి వద్దనే గుంపులోంచి మీసాలాయన పరుగున వచ్చాడు. వెనకే, పెళ్ళి కావాలనే గుంపులోంచి కళ్ళజోడు అమ్మాయి.

"కూర్చోండమ్మా," అని మీసాలాయన కుర్చీ లాగాడు. "మీలాంటి వాళ్ళ కోసమే నెల్లాళ్ళుగా ఎదురుచూస్తున్నాం."

"దారిన పోయే ప్రతివాడూ ఆగి చదువుతున్నాడు. ఇంట్లో అయితే చెప్పనే అక్కర్లేదు, నవ్వులపాలయ్యాను. నా పరువేం కావాలి?"

"విన్నారా," అన్నాడాయన అందరి వైపూ తిరిగి. "కుటుంబం పరువు."

"ఇలాంటి మాటలు ఇక్కడ మాట్లాడనివ్వకూడదు," అంది కళ్ళజోడు అమ్మాయి గుమాస్తాతో. "అవతల ఇద్దరి జీవితాలు."

"మాట్లాడే హక్కు మీకొక్కరికే రాసిచ్చారా?"

"హక్కు వేరు. ఒకళ్ళని అవమానించడం వేరు."

పెద్దావిడ వేలెత్తింది. "నన్నొక్క మాట..."

"మీరుండండమ్మా," అన్నారిద్దరూ ఒకేసారి. "మీ మాట్లాడే హక్కు గురించే మాట్లాడుతున్నాం."

ముప్పావు గంట మాట్లాడారు. ఈలోగా గుమాస్తా అభ్యంతరాల ఫారం కోసం బీరువాలన్నీ గాలించాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కాబట్టి అదెక్కడుందో ఎవరికీ తెలియదు. చివరికి పాత కాలెండర్ల కింద ఒకటి దొరికింది. దుమ్ము దులిపి కిటికీలోంచి ఇచ్చాడు.

ఇంక పది నిమిషాలే ఉంది. వాదించి వాదించి కళ్ళజోడు అమ్మాయి గొంతు పోయింది. పెద్దావిడ గడియారం వంకా ఫారం వంకా మార్చి మార్చి చూడటం గమనించింది.

"సరే," అంది బొంగురుగా. "ఆవిడ రాసేది నాకు నచ్చదు. అయినా రాయనివ్వండి. ఆవిడ మాట ఆవిడదే."

మీసాలాయనకి నెగ్గానో ఓడానో అర్థం కాలేదు. జేబులోంచి తన పెన్ను తీసి ఆవిడకి ఇచ్చాడు.

పెద్దావిడ దిద్దినట్టు రాసింది. ఈసారి ఎవరూ అడ్డు రాలేదు. మీసాలాయన మెట్ల మీదున్న రెండు గుంపుల్నీ లోపలికి పిలిచాడు.

"గట్టిగా చదవండి. అందరం విందాం."

గుమాస్తా గొంతు సవరించుకుని చదివాడు: "అభ్యంతరం: అరవై ఎనిమిదేళ్ళ దాన్ని పట్టుకుని డెబ్బై ఎనిమిది అని అచ్చు వేశారు, అది దిద్దేదాకా నేను సంతకం పెట్టను, అభ్యంతరం చెప్పేవారికి ఈ పెళ్ళితో సంబంధం: పెళ్ళికూతురు."