గుడ్లగూబల లోటు

"గుడ్లగూబల ఖాతాలో ఇంకా పన్నెండు వేలు తక్కువ, చెల్లెమ్మా. ఏం చేస్తాడో వాణ్ణే అడుగు," అన్నాడు పద్దుల పెద్దాయన, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

గడియారాలు బాగుచేసేవాడి భార్య లోపలి గది తలుపు వంక చూసింది. "ఆయనకి జలుబు, గొంతు పెగలడం లేదు. నేనడిగొస్తాను," అని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ పన్నెండు వేలు ఏ అంగట్లోనూ చెల్లే డబ్బు కాదు. పేరుకి బేస్‌బాల్ లీగే గానీ, అందులో బంతి లేదు, బ్యాటు లేదు, చెమట అసలే లేదు. ఆటగాళ్ళని పుట్టించిందీ కంప్యూటరే, ఆటలాడేదీ కంప్యూటరే. టికెట్లమ్మి జీతాలివ్వడం మాత్రం ఎనిమిది మంది యజమానుల పని. అందులో గుడ్లగూబల జట్టు గడియారాలవాడిది. డబ్బు ఉత్తుత్తిదే, రూలు మాత్రం ఉక్కుముక్క. శనివారం ఆరయ్యేసరికి యజమాని తన నిర్ణయంతో లోటు పూడ్చాలి. లేదంటే జట్టు రద్దు, ఆటగాళ్ళని మిగతా ఏడుగురూ పంచేసుకుంటారు. పద్దుల పెద్దాయన పైసా తేడా వస్తే తన నీడక్కూడా జరిమానా వేసే రకమని లీగులో చెప్పుకుంటారు.

ఇవాళే శనివారం, అప్పటికే ఐదుంపావు అయింది.

ఆమె బయటికొచ్చింది. మొహం తుడిచిన పలకలా ఉంది. "ఎడంచేతి పిచర్‌ని అమ్మేయమన్నారు."

"బంతి విసిరే ఆ ఒక్కణ్ణీ పదకొండు సీజన్లు సాకాడమ్మా. నిన్నైనా అమ్ముతాడు గానీ వాణ్ణమ్మడు. జలుబు చెవుల్లోకి దిగినట్టుంది, మళ్ళీ అడుగు."

ఆమె నవ్వలేదు. "మరెవర్ని తీసేయాలి, అన్నయ్యా?"

"నేను చెప్పకూడదు. ఊరికే నాలో నేను అనుకుంటున్నా. ఒక్క ఆటా ఆడకుండా బెంచీ మీద కూర్చుని జీతం తినేవాళ్ళు ముగ్గురున్నారు. తలా నాలుగు వేలు."

ఆమె మళ్ళీ లోపలికెళ్ళింది. బల్ల మీద చీటీలు కట్టిన గడియారాలు, ఎవరూ వచ్చి పట్టుకెళ్ళనివి, వరసగా పడున్నాయి. లోపల్నుంచి దగ్గయినా వినపడలేదు. పెద్దాయన చల్లారిన టీ తాగేశాడు. చక్కెర వేసిందో లేదో తెలియలేదు.

"ఆ ముగ్గుర్నీ పంపేయమన్నారు," అంది ఆమె గుమ్మంలో నిలబడి.

"అదీ వాడి బుర్ర." కొట్టేసి, కూడి, కింద సున్నా చుట్టాడు. "సంతకం కావాలి."

"ఆయన చెయ్యి వణుకుతోంది. నేను పెట్టనా?"

"పెట్టు. వచ్చే వారం టికెట్ల రేటు సంగతి కూడా వాణ్ణడిగి ఉంచు. రెండు వేలు తగ్గేట్టుంది."

"అడుగుతాను."

వీధి మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. కాకుల జట్టు యజమాని, మంగలి.

"ఏం బావా, ఆ ఎడంచేతి వాడు నా వాటాకి వస్తున్నాడా?"

"ఆశపడకు. లెక్క సరిపోయింది."

"ఎవరు సరిచేశారు?"

"ఇంకెవరు, యజమానే."

అవతల కత్తెర బల్ల మీద పెట్టిన చప్పుడైంది. "సరే, రాసేసుకో," అన్నాడు మంగలి.

పెద్దాయన పుస్తకం చంకలో పెట్టుకుని నడిచాడు.

పోయిన చలికాలం ఆ గుడ్లగూబల యజమాని సమాధిలో మొదటి పిడికెడు మట్టి వేసింది ఆయనే.