ఐదు రోజుల మొక్కు

పోడు చేని గట్టు తగవులో తమ్ముడు జంపయ్య నా భుజం మీద గొడ్డలి దింపాడు. రెండో వేటు తప్పి వాడి పిక్కనే చీల్చింది. నెత్తురు కారుతుండగానే అడవిలోకి పరుగెత్తాడు.

ఐదో రోజున ఊరివాళ్ళు వాణ్ని కర్రకు దుప్పటితో జెట్టీ కట్టి దవాఖానాకు మోసుకొచ్చారు. పుండు నిండా ఈగ పురుగులు లుకలుకలాడుతున్నాయి.

"కుళ్ళిన కండనే తిన్నయమ్మా. వాటి ఎంగిలికి క్రిములు చచ్చినయి. ఇవి పడకుంటే నీ తమ్ముడు దక్కేటోడు కాదు," అన్నాడు డాక్టరు.

జంపయ్య నా భుజం కట్టునూ, నుదుటి మీది అమ్మవారి పసుపునూ చూసి ఏడ్చాడు.

"గంత నరికినా నా కోసం మొక్కినవా అక్కా?"

"అవ్. రోజూ ముత్యాలమ్మకు మొక్కిన."

వాడు నా చేతిని కళ్ళకద్దుకున్నాడు.

పురుగులు పడి చావాలని మొక్కాను. తల్లి సగమే విన్నది.