ఉత్త మగ్గాలు

లాక్‌డౌన్ పెట్టి పదిహేను రోజులైంది. సూరత్‌లో ఒక్క మరమగ్గం ఆడటం లేదు. అలాంటిది, మిట్టమధ్యాహ్నం లింబాయత్‌లో దశరథం కార్ఖానా ధడధడా మోగడం మొదలుపెట్టింది.

దశరథం మాస్కు కూడా మరిచిపోయి పరుగెత్తుకొచ్చాడు. షట్టర్ సగం ఎత్తి ఉంది. తాళంచెవి ఒకటి ఎప్పుడూ రాజమల్లు దగ్గరే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న మనిషి. అతన్ని నమ్మినంతగా దశరథం సొంత తమ్ముణ్ని కూడా నమ్మలేదు.

లోపల నాలుగు మగ్గాలు ఆడుతున్నాయి. ఒక్కదాని మీదా దారం పోగు లేదు. ఉత్తవే! రాజమల్లు కరెంటు స్విచ్చుకు వీపు ఆనించి నిలబడ్డాడు. చేతిలో ఇనుప రాడ్. అతని భార్య ఎల్లవ్వ మగ్గాల నడుమ నేల మీద కూర్చుంది.

"పిచ్చి లేసిందా మల్లన్నా? బంద్ చెయ్!" మోతలో వినపడాలని దశరథం గొంతు చించుకున్నాడు. "పోలీసోళ్లు జూస్తే కార్ఖానాకు సీల్ ఏస్తరు!"

"ఏసుకోనీ."

"దారం లేదు, ఏం లేదు. ఏం నేస్తున్నవ్, గాలినా?"

"రెండు గంటలు. గంతే. అటెన్క నన్ను పనిల నుంచి తీసెయ్."

దశరథానికి ఒళ్ళు మండింది. ఏనాడూ ఎదురు చెప్పని మనిషి రాడ్ పట్టుకుని నిలబడితే ఎవరికి మండదు? పని లేక ఇంట్లో కూర్చుని కూర్చుని ముసలాడికి మతి పోయిందనుకున్నాడు.

"సిగ్గుండాలె! నీ కొడుకు శివకృష్ణ ఫౌజీ. పోయిన నెల సెలవు మీదొస్తే గల్లంత దండలేసినం, జై కొట్టినం. గా పిలగాని పరువు తీస్తవా?"

రాజమల్లు కళ్ళు ఎర్రబడ్డాయి.

"దండలేసిన్రు. ఫోటోలు దిగిన్రు. అటెన్క ఒక్కడన్న మా గడప తొక్కిండా? మంచిగున్నవా బిడ్డా అని అడిగిండా? జై కొట్టుడు అల్కగనే ఉంటది దశరథం!"

సేఠ్ అనలేదు. ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి.

"అట్లనా! ఉండు, వాన్నే పిల్చుకొస్త. వాడే నీకు బుద్ధి చెప్తడు."

"వద్దు సేఠ్!" ఎల్లవ్వ కూర్చున్నచోటే దండం పెట్టింది. "నీ కాల్మొక్త. వాని జోలికి పోకున్రి."

కొడుకు ముందు తలెత్తుకోలేక అంటోందనుకున్నాడు దశరథం. అంతలో షట్టర్ కింద నుంచి గల్లీ మొగదల పోలీసు జీపు కనపడింది. ఇక ఆగలేదు. రాజమల్లు మీదికి ఉరికి ఒక్క తోపు తోశాడు. ముసలి ఒళ్ళు, గోడకు కొట్టుకుని కూలింది. కింద పడి కూడా రాజమల్లు దశరథం కాలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆపకు దశరథం! ఆపకు!"

దశరథం కాలు విదిలించి స్విచ్చు కట్టేశాడు. అందరికీ మంచే చేశాననుకున్నాడు.

మోత ఆగిన మరుక్షణం, చివరి మగ్గం వెనక బట్టల మూటల మీద మగ్గాలాగిన పదిహేను రోజుల తర్వాత మొదటిసారి కన్నంటుకున్న శివకృష్ణ, మనసు చెదిరిందని ఫౌజు ఇంటికి పంపేసిన సిపాయి, "సప్పుడాగింది... వస్తున్నరు, పండున్రి!" అని అరుస్తూ ఉరికొచ్చి తల్లిని నేలకు అదిమి తన ఒంటితో కప్పేశాడు.